పాతర ఊపిరి

పాతర మూత తీసీ తియ్యగానే లోపలికి దిగేవాడికి తొందరెక్కువ, ఆయుష్షు తక్కువ. ఈ మాట ఉలిగమ్మకు ఏ విశ్వవిద్యాలయమూ నేర్పలేదు. ఆదోని పక్క పల్లెలో వాళ్ళ జేజి నేర్పింది. అందుకే ఆఫ్రికా ఖండం దక్షిణపు కొసన, లుబొంబో కొండల కింద, ఎకుసేని అనే ఊళ్ళో, పశువుల దొడ్డి నడుమ రాతిపలక పక్కకు జరిపినప్పుడు, ఆమె తన యంత్రాల పెట్టె జోలికి పోలేదు. ముందు లాంతరు వెలిగించి, తాడు కట్టి, మనిషి భుజాలు పట్టేంత బొక్కలోకి మెల్లగా దించింది.

లాంతరు కాస్త దిగిందో లేదో ఆరిపోయింది. ఆమె దాన్ని పైకి లాగి, అంచున చతికిలబడి, "ఇంగ కొంచేపు ఆగల్ల" అంది.

ఆ ఇంటి పెద్దావిడ లామాంబా నడుం మీద చేతులు పెట్టుకుని ఇదంతా చూస్తూ ఉంది. లామాంబా అంటే మాంబా వాళ్ళ ఆడపడుచు అని అర్థం. అక్కడ పెళ్ళయి మనవలు పుట్టినా ఆడదాన్ని పుట్టింటి వంశం పేరుతోనే పిలుస్తారు. మన దగ్గర ఆ మర్యాద లేదు, ఏం చేస్తాం. ఊళ్ళో చిన్నాపెద్దా ఆమెను గోగో అంటారు, మనం అవ్వా అన్నట్టు. ఉలిగమ్మకు వాళ్ళ భాష బాగా పట్టుబడింది. ఎంత పట్టుబడిందంటే, గోగో మాట్లాడుతుంటే ఆమె చెవికి ఆదోని తెలుగే వినబడేది.

"దీపం దించల్లని నీకెవరు చెప్పినారు?" అంది గోగో.

"మా జేజి. మా ఇంట్లోనూ జొన్న పాతర ఉన్నింది. ఒకాయన దీపం పెట్టకుండా దిగి మళ్ళీ పైకి రాలేదంట."

"మా మామ వాళ్ళన్న కూడా అంతే," అంది గోగో, పక్కన కూచుంటూ. అంతవరకూ ఆమె నిలబడే మాట్లాడింది.

ఆ పాతర పైన సన్నం, కింద వెడల్పు, అచ్చం కూజాలాగా ఉంటుంది. లోపల గోడలకు పేడా మట్టీ మెత్తి, మంట పెట్టి కాల్చి గట్టిచేస్తారు. గింజలు పోసి, రాతిపలక మూసి, పైన పేడ అలుకుతారు. ఆ మీద పశువులు తొక్కుతూ తిరుగుతుంటే అక్కడొక పాతర ఉందని కన్న కొడుక్కి కూడా తెలియదు. దొడ్డిలోకి కోడళ్ళు అడుగు పెట్టకూడదని అక్కడి కట్టుబాటు. గోగో ముసలిదై, మొగుడు పోయి, ఇంటికి పెద్దదిక్కయ్యాకే లోపలికి రాగలిగింది.

"ఇదేనా నీ యంత్రం?" అని ఆమె ఉలిగమ్మ అరచేతిలోకి వంగి చూసింది. కందిగింజంత తెల్లటి రాయి, దానికి వెండి తీగ. ఉలిగమ్మ దాన్ని ముక్కుపుడక అంటుంది. తయారుచేసిన మనిషికి ఆ మాత్రం హక్కుంటుంది కదా.

"గింజ చచ్చింది కాదు గోగో. మూతేసి పెట్టినా ఊపిరి తీస్తానే ఉంటుంది. లోపలున్న మంచిగాలి మింగేసి చెడ్డగాలి వదుల్తుంది."

"పురుగు చచ్చేది ఆ గాలికే. దీపం ఆరేదీ ఆ గాలికే. నాకు తెల్దా?"

"ఆ గాలి నీ పేడ పొరలోంచి ఎంతో కొంత బయటికొస్తుంది, పులుపు వాసనతో. మన ముక్కుకు అందదు. దీనికి అందుతుంది. గాలిపటం లాంటి దానికి కట్టి పైన తిప్పితే ఏ ఊరి పాతరలు నిండినాయో, ఏ ఊర్లో లేవో చెప్తుంది. కరువొచ్చినప్పుడు లేనోళ్ళకు ముందు ధాన్యం పంపొచ్చు. అయితే ఇది ఇంకా పసిబిడ్డ. ఇదిగో, పాతర వాసనంటే ఇదీ అని ఎవరో ఒకరు దీనికి చూపించల్ల."

గోగో దొడ్డి ముళ్ళకంప మీద కూచున్న పిట్టలకేసి చూసింది.

"పాతర చూపించమని వచ్చినోళ్ళను మా వాళ్ళు తరతరాలుగా గుర్తు పెట్టుకున్నారు బిడ్డా. ముందు గింజలు దోచుకునే ఈటెలోళ్ళు వచ్చినారు. ఆనక గొడ్ల రోగమొచ్చి దొడ్లన్నీ ఎముకలైపోయిన ఏడు, గుడిసెకింత పన్ను కట్టమని తెల్లోళ్ళు వచ్చినారు. మగోళ్ళు గనుల్లోకి పోయినారు. ఇంకొన్నాళ్ళకు ఇంకొకరు. ఎర్రజొన్న మానండి, తెల్ల మొక్కజొన్న వెయ్యండి, మేమే కొంటామన్నారు. పిలకాయలు బడికి పోతే జొన్నచేలో పిట్టల్ని తోలేదెవరు? మొక్కజొన్నే గెలిచింది. అది వాన ఉన్నన్నాళ్ళే కాపురం చేస్తుంది. వాన పోతే మొదట చచ్చేది అదే. వచ్చినోళ్ళందరూ మంచికే అన్నారు. వచ్చినోళ్ళందరూ పాతర యాడుందని అడిగినారు."

"నేను అడగలే గోగో. నువ్వే చూపించినావు."

"దీపం దించుతావని తెలిసింటే ముందే చూపిస్తుంటి," అని గోగో నవ్వింది.

ఆ మధ్యాహ్నం ఆమె పాతర జొన్న ఒక పిడికెడు తీసి, దంచి, సంకటి వండింది. నేలలో మగ్గిన గింజకు ఒక పులుపు, ఒక కంపు ఉంటాయి. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఉలిగమ్మ ఇంత ముద్ద తీసుకుని గుటుక్కున మింగి, ఇంకో ముద్ద అడిగింది. గోగో కళ్ళు చెమర్చాయి.

"మా పాతర జొన్న తిన్నోళ్ళు మా ఇంటి మనుషులు. నీ యంత్రం ముక్కుకు చూపించినా గానీ, ఊరి నోటికి కాదు. మాలో ఎవరింటి పాతర యాడుందో ఎవరికీ చెప్పొద్దు. లేనోళ్ళు ఎవరో అంతమటుకే చెప్పు."

"నా మాట," అంది ఉలిగమ్మ. ఆ మాట ఆమె మనసారా ఇచ్చింది. అందులో అణుమాత్రం కల్తీ లేదు. మాట ఇచ్చినవాళ్ళు మంచివాళ్ళయినంత మాత్రాన మాట నిలబడదని ఆమెకు అప్పటికి తెలియదు.

ఉలిగమ్మ భర్త పేరు మద్దిలేటి. డోన్ దగ్గరి మనిషి, లెక్కల్లో దిట్ట. కరువు వచ్చినప్పుడు ఓడల్లో దిగే ధాన్యాన్ని ఏ ఊరికి పంపాలో తేల్చే 'ధాన్యసేతు' అనే సంస్థలో ఇద్దరూ పనిచేసేవాళ్ళు. ఆమెది ప్రయోగశాల, అతనిది పంపకం. కొండల అవతలి పట్నంలో కాపురం. ఆదివారం పూట మద్దిలేటి గుజరాతీ అంగట్లో బొరుగులు తెచ్చి ఉగ్గాణి చేసేవాడు. బజ్జీలు మాత్రం ఎప్పుడూ మాడ్చేవాడు. అయినా ఆమె వాటినే ఏరుకుని తినేది.

ఆ ఆదివారం ఇద్దరూ పొయ్యి ముందే కంప్యూటర్ పెట్టుకుని కూచున్నారు. ముక్కుపుడక ఎకుసేని మీద ఎగిరి తెచ్చిన పటం తెర మీద తెరుచుకుంది. నిండిన పాతర వాసన తగిలిన చోటల్లా పసుపు చుక్క. గోగో ఇల్లొక్కటే కాదు, ఊరు ఊరంతా ముగ్గు పెట్టినట్టు చుక్కలు. ఉలిగమ్మ పిల్లలా చప్పట్లు కొట్టింది.

"అందరిళ్ళలో ఉండాయి చూడు! రెండేళ్ళ నుంచి సరిగా వాన లేకున్నా ఎట్ల దాచుకున్నారో!"

"పట్టేసింది మే నీ పుడక," అన్నాడు మద్దిలేటి, గరిటె చేత్తో పట్టుకునే. "ఇది మాకు ఇయ్యి. ఈ ఏడు పంపకానికి వాడుకుంటాం."

"ఇప్పుడే వద్దు. ఇది నిండిన పాతరనే చూసింది. ఖాళీ పాతర ఎట్ల వాసనేస్తుందో దీనికి తెల్దు. ఒక్కటన్నా చూపించల్ల."

"అడగరాదా మీ గోగోను?"

"అడిగినా. మా ఊళ్ళో ఖాళీ పాతర లేదు పో అనింది. కోపమొచ్చింది ఆమెకు." ఉలిగమ్మ తెర మీది చుక్కల మీద వేలు పెట్టింది. "ఇంకొకటి. ఇచ్చేటప్పుడు గూడా ఇంటింటి చుక్కలు ఇయ్యను. ఈ ఊళ్ళో కొరత ఉంది, ఈ ఊళ్ళో లేదు, అంతవరకే. మాటిచ్చినా."

"సరేలే."

"సరేలే కాదు. ఒట్టెయ్యి."

"అమ్మతోడు," అన్నాడు మద్దిలేటి. అని, మాడిన బజ్జీ ఒకటి ఆమె నోట్లో పెట్టాడు.

మరుసటి ఏడు కూడా వాన మొహం చాటేసింది. మొక్కజొన్న మోకాలెత్తున నిలబడి ఎండింది. ఓడలు వచ్చాయి, కానీ అడిగినంత రాలేదు. ఉలిగమ్మ అప్పుడు ఉత్తరాన ఇంకో లోయలో పనిలో ఉంది. దారిలో లారీలు ఆగిన చోట ఒక డ్రైవరుతో మాట కలిపి, ఎకుసేనికి ఎప్పుడు పోతారని అడిగింది.

"ఆ దారి మాకు లేదమ్మా. ఆ ఊరోళ్ళు కలిగినోళ్ళంట గదా," అన్నాడతను.

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. పక్కకు పోయి మద్దిలేటికి ఫోన్ చేసింది.

"ఎకుసేనికి లారీలు పోవడం లేదంట."

"పోవు. వాళ్ళకు గింజలుండాయి."

"ఎవరు చెప్పినారు?"

"నీ పుడకే చెప్పింది మే," అన్నాడు.

"అమ్మతోడన్నావే! నా పెట్టెలోంచి దొంగిలించి ఇచ్చినావా?"

"దొంగతనమేంది? ఇద్దరం ఒకే సంస్థలోనే గదా చేసేది. అమ్మతోడన్నప్పుడు ఎవురూ చావడం లేదు. ఇప్పుడు చస్తాండారు. వచ్చిన గింజ సగం మందికి చాలదు. ఉన్నోళ్ళకు ఆపి లేనోళ్ళకు పెట్టడం తప్పా? నువ్వు కోరిందీ అదే గదా?"

"ఖాళీ పాతర చూపించలేదని చెప్పినా గదా మద్దిలేటీ!"

"నేనేం గుడ్డిగా చెయ్యలే. మనుషుల్ని పంపి ఇల్లిల్లూ అడిగించినా. మీ పాతరలో గింజలుండాయా అని. ఒక్కరంటే ఒక్కరు లేదన్లేదు. పుడకా ఉందంటాంది, మనుషులూ ఉందంటాండారు. నేనింకేం చెయ్యల్ల?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఎందుకో ఆ క్షణాన జేజి గుర్తొచ్చింది. ఆదోని పక్క కరువు పడ్డ ఏడు, ఇంట్లో గింజ లేని పొద్దున కూడా జేజి పొయ్యి మీద ఎసరు పెట్టేది. తడి పిడకలు పెట్టి మరీ పొగ లేపేది, వీధిలో వాళ్ళకు ఈ ఇంట్లో వంటవుతోందని కనబడాలని. ఆ వట్టి నీళ్ళు మరిగి మరిగి ఇగిరిపోతుంటే పక్కన కూచుని చూసింది తనే. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి, ఊరంతా పసుపు చుక్కలు వెలిగితే చప్పట్లు కొట్టింది! మొగుడి మీద కోపంతో పాటు తన మీద తనకు అసహ్యం వేసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు కదా, ఆ లెక్క ఆకాశంలోంచి పెట్టే యంత్రాన్ని ఆమె చేజేతులా తయారుచేసి పెట్టింది.

ఎకుసేనిలో గోగో ఆమెను చూసి లేవలేదు. చాప మాత్రం పరిచింది, ఇంట్లో కాదు, వాకిట్లో. సొరకాయ బుర్రలో నీళ్ళు ఇచ్చింది. వచ్చినవాళ్ళందరికీ ఇచ్చే బుర్ర అది. గోగో మణికట్టు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"నీ మనుషులు వచ్చి పోయినారు," అంది. "మా దొడ్డిలో నిలబడి, పాతర ఉన్నచోటే కాలు పెట్టి, ఇక్కడ గింజలుండాయా అని అడిగినారు. ఎవరింటికి పోయినా సరిగ్గా అక్కడే కాలు పెట్టినారు. ఈటెలోళ్ళకు దొరకలే. తెల్లోళ్ళకు దొరకలే. మా ఇంట సంకటి తిన్నదానికి దొరికింది."

"నేను చెప్పలే గోగో. మా ఇంటాయన నాకు తెలీకుండా..."

"నీ ఇంటాయన నాకెవరు? నేనెవరికి చూపించినా?"

ఉలిగమ్మ తల వంచుకుని కొంతసేపు ఏడ్చింది. గోగో ఓదార్చలేదు, పొమ్మనీ అనలేదు. చివరికి ఉలిగమ్మ కళ్ళు తుడుచుకుని, అడగకూడని మాట అడిగింది.

"గోగో, నీ పాతర ఖాళీనా?"

"నిండుగా ఉంది."

అంతలో పక్కింటి కోడలు నోమ్‌సా నిప్పు కోసం వచ్చింది. పక్కిల్లు ముసలాయన మఖొంతాది. కొడుకు గనిలో పనికి పోయి ఎన్నాళ్ళయిందో, కబురు లేదు. పోయిన చలికాలం ఆ ఇంట్లో చిన్నపిల్ల జ్వరంతో పోయింది. మిగిలిన పిల్లవాడు ఇప్పుడు తల్లి కొంగు పట్టుకుని వచ్చాడు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే వాడు గోగో రోలు దగ్గర కూచుని, రోటి చుట్టూ ఎప్పుడో రాలిన పొట్టును వేలికి అద్దుకుని నాకసాగాడు. మట్టి, పొట్టు, ఏదైతేనేం. నోమ్‌సా చూసి గబుక్కున వాడి చేతి మీద ఒకటి వేసింది.

"ఇప్పుడే కడుపు నిండా తిన్నాడు గోగో. వీడికి ఆశ ఎక్కువ," అని నవ్వి, నిప్పు పెంకులో పెట్టుకుని, పిల్లవాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది. వండడానికి ఏమీ లేకపోయినా నిప్పు అడగడానికి రావాలి. రాకపోతే పొయ్యి వెలగలేదని తెలిసిపోతుంది.

గోగో చాలాసేపు ఆ రోలు వైపే చూసింది.

"నాది ఖాళీ," అంది, గొంతు తగ్గించి. "ఎండలు మొదలైనప్పటి నుంచి. చివరి గింజ తీసినాక గుప్పెడు తవుడు చల్లి, నీళ్ళు చిలకరించి, మూతేసి పేడ అలికినా. అట్లయితేనే వాసన ఉంటుంది. మా అత్త అట్లే చేసేది, వాళ్ళత్త అట్లే చేసేది. ఖాళీ అని తెలిసిన ఇంటికి దొంగ రాడు, నిజమే. పిల్లనిచ్చేవాడూ రాడు, సాయం అడిగేవాడూ రాడు. ఆ ఇల్లు ఇల్లు కాదింక."

నిండిన పాతరకూ ఖాళీ పాతరకూ వాసన ఒకటే అయ్యేలా ఈ ఆడవాళ్ళు తరతరాలుగా శ్రద్ధగా చూసుకుంటూ వచ్చారు. ఏ ప్రయోగశాలా ఇంత జాగ్రత్తగా యంత్రాన్ని ఏమార్చలేదు. ఉలిగమ్మ తన సంస్థ నియమం ఆమెకు చెప్పింది. పటం తప్పు అని రుజువు కావాలంటే సంస్థ మనుషులు వచ్చి, పాతరలు తెరిచి, కళ్ళతో చూడాలి. ఒక్క ఇల్లు చాలదు, ఊరంతా తెరవాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అయినా చించుకోమని అడగడం తప్ప వేరే దారి లేదు.

"కళ్ళతో చూడనీ," అంది గోగో, తల అడ్డంగా తిప్పి తిప్పి చివరికి. "యంత్రాలు వద్దు. ఒక్కటి కూడా మా దొడ్డి తొక్కకూడదు. ఆ మాట నీ మొగుడితో ఇప్పించు."

ఉలిగమ్మ ఫోన్‌లో మద్దిలేటిని అడిగింది. గోగో వింటుండగానే అడిగింది. "సరే. కళ్ళతోనే. ప్రమాణం," అన్నాడు అతను. గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ బాధను ఆమె నమ్మింది.

మద్దిలేటి ఇద్దరు పనివాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. గడ్డం పెరిగి, కళ్ళు లోపలికి పోయి ఉన్నాడు. గోగోకు రెండు చేతులెత్తి మొక్కాడు. ఆమె మొక్కు తీసుకోలేదు. తన దొడ్డి తడికె తెరిచి, ఊరంతా వినబడేలా కేకేసింది.

"నా పాతర ఖాళీ! వచ్చి చూడండి!"

ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు గానీ ఎవరూ కదల్లేదు. పనివాళ్ళు పలక ఎత్తారు. పుల్లటి కంపు గుప్పుమంది. ఉలిగమ్మ లాంతరు దించింది, అది ఆరింది, కాసేపు ఆగి మళ్ళీ దించింది. ఈసారి వెలుగు అడుగు దాకా పోయి, పిడికెడు ముక్కిన తవుడు మీద పడింది. గోగో పక్కకు తిరిగి ఊరి కోడళ్ళను పిలిచింది. దొడ్డిలోకి ఎన్నడూ రాని ఆడవాళ్ళు తడికె దగ్గర తడబడి, ఒకరి వెనుక ఒకరు లోపలికొచ్చి, వంగి చూశారు. ఒకామె, "మాది కూడా," అంది. ఇంకొకామె ఏడవడం మొదలుపెట్టింది.

ఇల్లిల్లూ తెరిచారు. ఎక్కడ చూసినా అదే తవుడు, అదే పేడ అలుకు, అదే జాగ్రత్త. పక్కింటిది ఖాళీ అని ఏ ఇంటికీ తెలియదు. చాలామంది తమదొక్కటే అనుకున్నారు. మొగుణ్ణి తిట్టే ఆడవాళ్ళు, కోడల్ని తిట్టే అత్తలు ఆ రోజు ఎవర్ని తిట్టాలో తెలియక నిలబడిపోయారు.

మఖొంతా ఇంటి పాతర చివర్లో తెరిచారు. అందులో తవుడు కూడా లేదు. లాంతరు దించితే ఆరలేదు. గాలి పాడుచేయడానికి గింజంటూ ఉంటే కదా. పైన పేడ మాత్రం మిగతావాళ్ళకన్నా నున్నగా అలికి ఉంది.

"ఎప్పటి నుంచి?" అని గోగో ముసలాయన్ని అడిగింది.

"నీ పెనిమిటి పోయిన ఏడు నుంచి."

గోగో లెక్క వేసుకోవడం ఉలిగమ్మకు తెలుస్తూనే ఉంది. లెక్క కష్టమైంది కాదు. ఈ ఇంట్లో పిల్ల పోయిన చలికాలం, కంపకు ఇవతల గోగో పాతర నిండుగా ఉంది. ఉలిగమ్మ సంకటి తిని ఇంకో ముద్ద అడిగింది ఆ గింజలోంచే.

"జ్వరమన్నారే!" అంది గోగో. "ఒక్క మాట అడగలేక పోయినావా మఖొంతా? నీ మనవరాలు నా చేతుల్లో పుట్టింది!"

ముసలాయన ఆమె మొహంలోకి చూడలేదు. "ఎట్లడిగేది? నీది కూడా ఖాళీ అనుకున్నా. మొగుడు పోయినదానివి. అడిగితే లేదని చెప్పల్సొస్తుంది. నిన్ను సిగ్గుపెట్టగూడదనుకున్నా."

గోగో ఆ పాతర అంచున పేడలోనే కూలబడింది. నోమ్‌సా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మద్దిలేటి టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఫోన్‌లో మాట్లాడి వచ్చి, లారీలు బయల్దేరాయని, మధ్యాహ్నానికి వస్తాయని చెప్పాడు. ఎవరూ సంతోషించలేదు గానీ పిల్లలు మాత్రం దారి వైపు పరిగెత్తారు. ఉలిగమ్మ మొగుడి వైపు చూసింది. ఎన్నో రోజుల తర్వాత అతని మీద కోపం కొంచెం సడలింది. గింజ వస్తోంది, పిల్లలు తింటారు, మిగతాది తర్వాత చూసుకుందాం అనుకుంది.

నేల మీద కూచున్న గోగో చెయ్యి పేడలో దేనికో తగిలింది. తీసి, వేళ్ళతో తుడిచి, ఉలిగమ్మకు చూపించింది. కందిగింజంత తెల్లటి రాయి, వెండి తీగ.

ఉలిగమ్మ పరిగెత్తింది. మఖొంతా ఇంటి నుంచి పక్కింటికి, అక్కడి నుంచి ఆ పక్కింటికి. ప్రతి పాతర అంచునా, పలక ఎత్తిన చోట, పనివాళ్ళ వేళ్ళ గుర్తులు ఇంకా ఆరని తడి పేడలో ఒక్కో ముక్కుపుడక గుచ్చి ఉంది, అన్నీ ఆమె పుడకకు నకళ్ళే. గోగో దొడ్డిలో కూడా ఉంది. అన్నీ చేతిలో పోగేసుకుని మద్దిలేటి ముందుకొచ్చి నిలబడింది. చెయ్యి చాచింది.

"ఇప్పుడు పూర్తయింది మే," అన్నాడు మద్దిలేటి. గొంతు మెత్తగా ఉంది, సంతోషం దాచుకుంటున్న గొంతు. "తవుడు చల్లింది, చల్లనిది, అన్ని రకాలూ చూసేసింది. ఇంక ఎక్కడా తప్పు రాదు. ఎన్ని ఊర్లో తెలుసా? పై ఏడు ఒక్కరికి కూడా అన్యాయం జరగదు. నువ్వే కదా ఖాళీ పాతర కావాలంటివి."

నువ్వే కదా అన్నాడు. ఆమె మాటనే తీసి ఆమె మీద పెట్టాడు. నమ్మించి గొంతు కోసేవాడు కనీసం కత్తి తనది తెచ్చుకుంటాడు. ఆమె చేతిలోని పుడకల్ని నేలకేసి కొట్టింది. వాటిని తొక్కినా లాభం లేదని ఆమెకు తెలుసు. అవి చూడాల్సింది చూసేశాయి, చేరవేయాల్సింది చేరవేసేశాయి.

గోగో కర్ర పట్టుకుని వచ్చింది. "ఏం చేసిందది?" అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి ఉలిగమ్మకు అవకాశం ఉంది. మద్దిలేటి కళ్ళు చెప్పవద్దని బతిమాలుతున్నాయి. కానీ ఆమె చెప్పింది, అందరూ వినేలా, వాళ్ళ భాషలోనే.

"మీ ఖాళీ పాతరల్ని నేర్చుకుంది గోగో. ఇంక ఏ ఊళ్ళోనూ ఏ ఇల్లూ దాన్ని ఏమార్చలేదు. ఎవరి దగ్గర ఉందో, ఎవరి దగ్గర లేదో, అడిగినోడికల్లా చెప్తుంది. ఈ రోజు అడిగేది ధాన్యం ఇచ్చేవాళ్ళు. రేపు ఎవరడుగుతారో నాకు తెల్దు."

జనం గోగో మొహం చూశారు. గోగో తన దొడ్డి వైపు చూసింది. ఎన్ని తరాల పశువులు తొక్కిన నేలో అది.

"పూడ్చండి," అంది.

పారలు వచ్చాయి, తట్టలు వచ్చాయి. లారీల దుమ్ము దూరాన లేచేసరికి ఊరంతా పాతరల్లో మట్టి పోస్తోంది. లారీ డ్రైవర్లు ఇది ఏం వింతో అర్థం కాక హారన్ కొట్టి చూశారు. ధాన్యం దించుకోవడానికి నలుగురు పోయారు, మిగతావాళ్ళు పని ఆపలేదు. మద్దిలేటి జీపు దగ్గర నిలబడి, "ఉలిగమ్మా, పోదాం పా," అని రెండుసార్లు పిలిచాడు. ఆమె తిరిగి చూడలేదు. మట్టిగుట్ట దగ్గరికి పోయి, ఖాళీగా ఉన్న తట్ట ఒకటి తీసుకుని, చేతులతోనే మట్టి నింపి, తలకెత్తుకుని గోగో దొడ్డి తడికె దాకా వచ్చింది.

గోగో అడ్డం వచ్చి, రెండు చేతులతో ఆమె తల మీది తట్ట దించుకుంది. దించుకుని నోమ్‌సాకు ఇచ్చింది. నోమ్‌సా దాన్ని ఎత్తుకుని దొడ్డిలోకి పోయింది. గోగో తడికె వేసుకుంది.